పైనుంచి కొట్టుకొచ్చిన ఇద్దరు

కోర్టు వెనక సందులో, స్టాంపు కాగితాలమ్మే బడ్డీకీ సైకిళ్ళు బాగుచేసే షాపుకీ మధ్య ఇరుక్కుని ఒక టైపింగ్ గది ఉండేది. అందులో ఇద్దరు కూర్చుంటే మూడోవాడు నిలబడాలి, నాలుగోవాడు సందులోనే ఉండి తల మాత్రం లోపలికి పెట్టాలి. ఆ గదిలో కూర్చునే ఆవిడను ఊరంతా దుబాసమ్మ అనేది. ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు గోడమీది లైసెన్సులో ఉంది గానీ, అది బీరువా వెనక్కి జారిపోయి సగమే కనిపించేది. దాన్ని చదవాలని ఎవరికీ తోచలేదు.

పైదేశం భాషలో ఉన్న కాగితాన్ని కిందిదేశం భాషలోకి, కిందిదాన్ని పైదానిలోకి మార్చి, టైపు చేసి, ముద్ర వేసివ్వడం ఆమె పని. అటు పుట్టి ఇటు పెళ్ళాడినవాళ్ళు, ఇటు చదివి అటు ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు, ఇల్లొక వైపూ పొలమొక వైపూ ఉన్నవాళ్ళు, అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఆమెతో పని పడేది. ఆమె తల్లి పైవాళ్ళ పిల్ల. సరిహద్దుకి కంచె వేయకముందే ఏటివెంట కాపురానికి దిగొచ్చింది. మామూలుగా ఉన్నప్పుడు మొగుడి భాష మాట్లాడేది. కోపమొచ్చినా ముద్దొచ్చినా మాత్రం తన భాషే. అందుకని దుబాసమ్మకి పైవాళ్ళ భాషలో ముందు తిట్లూ జోలపాటలూ వచ్చాయి. కోర్టు మాటలు తర్వాత నేర్చుకుంది.

ఏరు పైదేశం కొండల్లో పుట్టి, అక్కడి పెద్ద డ్యాము దాటి, లోయలో మడుగులు మడుగులుగా సాగి, సరిహద్దు వంతెన కిందుగా ఈ ఊరికి వచ్చేది. ఊరి దగ్గర ఒక చిన్న ఆనకట్ట, దాని ముందు ఇనప జాలీ ఉండేవి. పైనుంచి కొట్టుకొచ్చే దుంగలూ చెత్తా ఆ జాలీకి తట్టుకుని ఆగేవి. అప్పుడప్పుడూ మనుషులూ ఆగేవారు. వాళ్ళను బయటికి తీసే గజ ఈతగాణ్ణి అందరూ బాతుమామ అనేవారు. నేలమీద నడుస్తుంటే పిల్లలు నవ్వేవారు. నీళ్ళలోకి దిగాడంటే ఆ పిల్లలే నోళ్ళు తెరుచుకుని చూసేవారు.

నీళ్ళ దగ్గర రెండు దేశాలకీ ఎన్నడూ పడలేదు. పేరుకి ఒక ఉమ్మడి కమిటీ ఉండేది. అది చివరిసారి కూర్చున్నప్పుడు పైవాళ్ళ ఇంజినీరు నీళ్ళగ్లాసు విసిరాడని ఇక్కడా, కిందివాళ్ళ ఇంజినీరు విసిరాడని అక్కడా చెప్పుకునేవారు. గ్లాసు ఎవరు విసిరినా, కమిటీ మాత్రం మళ్ళీ కూర్చోలేదు. పెద్దవాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు గానీ శవాలు రావడం మానలేదు. వచ్చినవాళ్ళను ఎవరివాళ్ళకి వాళ్ళకి ఇచ్చెయ్యాలి కదా. అందుకని వంతెన నడిమధ్య, సరిహద్దు గీతకి అడ్డంగా ఒక బల్ల వేసేవారు. అటు రెండు కుర్చీలు, ఇటు రెండు కుర్చీలు. బల్ల చివర ఒక ముక్కాలిపీట మీద దుబాసమ్మ. పీట కాలు గీత దాటకూడదు.

ఇటువైపు వచ్చే అధికారి ఎండైనా వానైనా గొడుగు వదలడు కాబట్టి ఆయన గొడుగాయన. అటువైపు వచ్చేది ఒక సన్నటి మనిషి, మందమైన అద్దాలు పెట్టుకునేవాడు. ఆయన కళ్ళజోడాయన. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి ముక్క రాదు.

దుబాసమ్మ పనికి ఒక పద్ధతి ఉండేది. "నేను కుండ మార్చేదాన్నే. ఇందులోంచి అందులోకి పోస్తాను. ఒలకనివ్వను, కలపను" అనేది. అవతలివాడు "నా కూతురు" అంటే ఈమె కూడా "నా కూతురు" అనే చెప్పేది, "ఆయన కూతురు" అనేది కాదు. మొదట్లో గొడుగాయనకి ఇది వింతగా ఉండేది. "నీ కూతురేంటమ్మా మధ్యలో?" అని అడిగాడు. "ఆయన నా అన్నాడు కదండీ, నేనేం చెయ్యను?" అంది. ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్కు. సాయంత్రం గ్రీజు చేతులు కడుక్కుంటూ, "ఇవాళ నువ్వెవరివి?" అని అడిగేవాడు. "ఇవాళ తమ్ముణ్ణి. అన్న పోయాడు" అనేది. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని, "పోన్లే, అన్నం తిను" అనేవాడు. వాళ్ళింట్లో ఆ సంగతి అంతటితో అయిపోయేది.

అలా కొన్నేళ్ళు గడిచాక ఒక వేసవికి ముందే ఏరు ఆగిపోయింది.

ఒక్కసారిగా ఆగలేదు. మొదట పాయలైంది, తర్వాత గుంటలైంది, ఆ తర్వాత ఇసకే మిగిలింది. నీళ్ళు తగ్గడం అందరూ చూశారు. చప్పుడు పోవడం మాత్రం ఎవరూ గమనించలేదు. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళ చెవుల్లో పుట్టినప్పటినుంచీ ఏటి హోరు ఉంది. అది ఉందని వాళ్ళకి తెలియదు. ఒక ఉదయం అది లేదు. జనం వీధుల్లోకి వచ్చి ఏదో పోగొట్టుకున్నట్టు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మాట్లాడితే తమ గొంతే పెద్దగా వినిపించి, గొంతు తగ్గించుకున్నారు. ఆ రోజు నుంచీ ఊరంతా రోగి ఉన్న ఇంట్లో మాట్లాడుకున్నట్టు మాట్లాడుకోవడం మొదలుపెట్టింది.

హోరు పోయాక అది ఇన్నాళ్ళూ కప్పిపెట్టిన చప్పుళ్ళు బయటపడ్డాయి. మిట్టమధ్యాహ్నం, ఎండకి పక్షి కూడా కదలనప్పుడు, ఇసకలో ఎవరో నడుస్తున్నట్టు చరచరమని వినిపించేది. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. వేడికి ఇసక జారుతోందని కొందరన్నారు. సరేననుకున్నారు. కానీ కుక్కలు ఇసకలోకి దిగడం మానేశాయి. గట్టుమీద వరసగా కూర్చుని ఎగువకే చూస్తుండేవి.

పైవాళ్ళు గేట్లు మూసేశారని ఇక్కడి రేడియో చెప్పింది. వానల్లేవు, మేమేమీ మూయలేదని అక్కడి రేడియో చెప్పింది. కొళాయిల దగ్గర బిందెలు బారులు తీరాయి. ఆసుపత్రికి ట్యాంకర్లు వచ్చాయి. సరిహద్దుకి రెండు వైపులా లారీల్లో సిపాయిలు దిగారు. పచ్చగడ్డి వేసినా భగ్గుమనేలా ఉంది.

బాతుమామ పనిలేక జాలీ దగ్గర గట్టుమీద కూర్చునేవాడు. ఒకరోజు దుబాసమ్మ అటు వెళ్తుంటే పిలిచాడు.

"అమ్మాయ్, శవాలు కూడా రావట్లేదు."

"రాకపోతే మంచిదేగా మామా."

"మంచిదెలా అవుతుంది? పైన చావులు ఆగిపోయాయంటావా? పోయేవాళ్ళు పోతూనే ఉంటారు. మరి వాళ్ళంతా ఎక్కడున్నట్టు?"

ఇద్దరూ కాసేపు ఎండిన ఏటిని చూశారు. ఎగువన ఏటి వంపు అవతల, లోయలో, మడుగుల అడుగున ఎంతమంది ఆగి ఉన్నారో అన్న ఊహ ఒకసారి వచ్చాక ఇక పోదు. ఆమెకి అన్నం ముందు కూర్చున్నా అదే గుర్తొచ్చేది.

ఆ రోజుల్లోనే వంతెన మీద పైవాళ్ళు తెల్లజెండా ఎత్తారు. జెండా ఎత్తితే మాట్లాడాలని అర్థం. మామూలుగా శవం దొరికినప్పుడు కిందివాళ్ళే ఎత్తుతారు. ఈసారి అటునుంచి లేచింది. బల్ల వేశారు. కళ్ళజోడాయన పక్క కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటుంది. డ్యాము ఉద్యోగుల క్వార్టర్లలో బట్టలు ఇస్త్రీ చేస్తుందట. కుడి ముంజేతి మీద పాత కాలిన మచ్చలు ఉన్నాయి.

"మావాడు మీ దగ్గరికి వచ్చాడా?" అని అడిగింది.

దుబాసమ్మ ఆ మాట ఇటు చెప్పింది. గొడుగాయన లేదన్నాడు. ఆమె అది అటు చెప్పింది. అంతే. ఇస్త్రీ ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే అడిగింది. తర్వాత మళ్ళీ వచ్చింది. ఎప్పుడు వచ్చినా అధికారుల వైపు చూసేది కాదు. దుబాసమ్మ పెదవుల్ని చూసేది, అందులోంచి కొడుకు దిగి వస్తాడన్నట్టు. ఆ చూపు ఇంటిదాకా వెంట వచ్చేది. దుబాసమ్మ అద్దంలో తల దువ్వుకుంటూ తన నోరు తానే చూసుకోవడం మొగుడు గమనించాడు.

"ఏమైంది?"

"ఏం లేదు."

"అంత భయమైతే మానెయ్యి. వాళ్ళకి ఇంకో దుబాసీ దొరక్కపోతాడా?"

"దొరకడు. నేను మానేస్తే ఆ బల్ల కూడా తీసేస్తారు. ఇప్పుడు ఈ రెండు దేశాల మధ్యా మిగిలింది ఆ బల్లే."

ఒక మధ్యాహ్నం బల్ల దగ్గర ఇస్త్రీ ఆవిడ ఎప్పటి ప్రశ్న వేయలేదు. చేతులు బల్లమీద పెట్టి, నెమ్మదిగా, బట్ట మడత విప్పినట్టు చెప్పింది.

"మావాడు గేటు మనిషి. కిందికి నీళ్ళు వదలొద్దని పైనుంచి ఆర్డరొచ్చింది. అన్ని గేట్లూ మూశారు. ఆఖరి గేటు మూస్తుంటే కాలు జారి కిందికి పడిపోయాడు. గేట్లు మూసి ఉన్నాయి కాబట్టి నీళ్ళు కదలవు. నీళ్ళు కదలవు కాబట్టి వాడూ కదలడు. అక్కడే, మడుగులో ఉన్నాడు."

కళ్ళజోడాయన మొహం పాలిపోయింది. గేట్లు మూయలేదని ఆయన ప్రభుత్వం లోకమంతటికీ చెబుతోంది. ఆయన పెదవులు కదపనట్టే, తన భాషలో దుబాసమ్మతో అన్నాడు. "ఆ మాట అటు పోనివ్వకండి. పోతే ఈవిడ బతకదు."

"ఏమంటోంది?" అన్నాడు గొడుగాయన ఇటునుంచి.

దుబాసమ్మ నీళ్ళు నమిలింది. అంతకుముందెప్పుడూ ఆమెకి ఆ అవస్థ రాలేదు. అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయింది. చివరికి ఇస్త్రీ ఆవిడ వైపు తిరిగి, పనిలో ఉండగా ఎన్నడూ చేయని పని చేసింది. తన మాట తాను మాట్లాడింది.

"అక్కా, ఇది చెప్పమంటావా? చెబితే కష్టం నీకే."

"నువ్వు నా నోరువి" అంది ఆవిడ. "నోరు అడుగుతుందా ఎక్కడైనా?"

కళ్ళజోడాయన అద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆవిడ జబ్బ పట్టుకుని లేవదీసి తీసుకుపోవచ్చు. వెనక సిపాయిలు ఉన్నారు. ఆయన ఆ పని చేయలేదు. తుడుస్తూనే కూర్చున్నాడు.

దుబాసమ్మ చెప్పడం మొదలుపెట్టింది. "మావాడు గేటు మనిషి" అని మొదలుపెట్టి, ఆర్డరు గురించి, ఆఖరి గేటు గురించి, కాలు జారడం గురించి, మడుగు గురించి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గొడుగాయన గొడుగు పిడి మీద గడ్డం ఆనించి విన్నాడు. మోతకి వచ్చి, మోయడానికి ఏమీ లేక వెనక నిలబడిన బాతుమామా విన్నాడు.

ఆమె ముగించింది. కింద ఏటిలో చరచరమని ఇసక చప్పుడు. ముగించాననే ఆమె అనుకుంది.

ఊళ్ళోకి తిరిగొచ్చే దారిలో బాతుమామ పక్కన నడిచాడు. ఆనకట్ట మలుపు దగ్గర ఆగాడు.

"అమ్మాయ్, ఆవిడ చెప్పింది అయిపోయాక కూడా నువ్వు మాట్లాడావు."

"ఆవిడ చెప్పిందే చెప్పాను."

"కాదు. ఆవిడ అంతసేపు మాట్లాడలేదు. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. నువ్వు మాత్రం ఆపలేదు. 'రాయి కింద చల్లగా ఉంది, నీళ్ళు వదిలితే వస్తాం' అన్నావు. 'నేను ఒక్కణ్ణే లేను' అన్నావు. గొంతు నీదే. కానీ..."

"కానీ ఏంటి?"

"ఒక్కణ్ణి అన్నావమ్మా. ఆవిడైతే ఒక్కదాన్ని అనాలి."

దుబాసమ్మ అక్కడే రాతిగట్టు మీద కూర్చుండిపోయింది. ఆ మాటలు అన్నట్టు ఆమెకి గుర్తులేదు. ఒలకనివ్వను, కలపను అని పేరు తెచ్చుకున్న మనిషి. తెలియకుండా ఇంకెవరి మాటో తన నోటివెంట పోయిందంటే, ఇంతకుముందు ఎన్నిసార్లు పోయిందో. మరునాడు ఉదయాన్నే గొడుగాయన ఆఫీసుకి వెళ్ళి అడిగింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి పైకప్పు వైపు చూశాడు.

"నేనూ విన్నాను. ఆవిడే చెప్పిందనుకున్నాను" అన్నాడు. మళ్ళీ ముందుకి వంగి, "గేట్ల సంగతి నేను రాజధానికి రాయలేదమ్మా. రాస్తే రేపు రేడియోలో వస్తుంది. రేడియోలో వస్తే పైవాళ్ళు మొండికేస్తారు, నీళ్ళూ రావు, ఆవిడా మిగలదు. రాయకపోతే నా ఉద్యోగం ఏమవుతుందో నాకు తెలియదు. నిన్నటినుంచీ కలం పట్టుకుని కూర్చున్నాను" అన్నాడు.

ఆయన కలం కదలకముందే వంతెన మీద మళ్ళీ జెండా లేచింది. ఈసారి కళ్ళజోడాయన ఒక్కడే వచ్చాడు. కూర్చోలేదు కూడా. నిలబడే చెప్పాడు.

"మా వైపు లోయలో ఒక మనిషి కోసం గాలింపు పని జరగబోతోంది. అందువల్ల ఏటిలో నీళ్ళు కొంచెం పెరగొచ్చు. మీవాళ్ళని ఇసకలోంచి తప్పుకోమనండి."

గేట్లు అన్న మాట ఆయన నోటివెంట రాలేదు. గొడుగాయన కూడా అడగలేదు. "తప్పుకోమంటాం" అన్నాడు. తర్వాత, "గాలింపు ఎన్నాళ్ళు పట్టొచ్చు?" అన్నాడు. "మనిషి దొరికేదాకా" అన్నాడు కళ్ళజోడాయన. ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. ఆ చూపుని ఏ భాషలోకీ మార్చనక్కర్లేకపోయింది. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ సన్నటి మనిషి డ్యాము పెద్దల దగ్గరికి వెళ్ళి, ఇస్త్రీ ఆవిణ్ణి తలుపు బయట కూర్చోబెట్టి, ఈవిడ కొడుకు దొరికేదాకా నేను ఇక్కణ్ణుంచి కదలనని భీష్మించాడట. నీళ్ళు వదలమని ఎవరూ ఆర్డరు రాయలేదు. గాలింపుకి సహకరించమని రాశారు.

ముందు చప్పుడు వచ్చింది. తెల్లవారాక, బడికి పిల్లలు బయల్దేరే వేళ, ఎగువన ఎక్కడో ఎవరో పెద్ద గుడ్డ చింపుతున్నట్టు వినిపించింది. గట్టుమీది కుక్కలు లేచి నిలబడ్డాయి. మొరగలేదు. తర్వాత వంపు తిరిగి నీళ్ళు వచ్చాయి. బురదరంగులో, ముందు నురగ, నురగ ముందు ఎండుటాకులూ పుల్లలూ తోసుకుంటూ వచ్చాయి. జనం గట్టుకి పరుగెత్తారు. కేకలు వేస్తారనుకుంటాం. ఎవరూ వేయలేదు. ఆ నీళ్ళలో ఇంకేమేం వస్తున్నాయో అందరికీ తెలుసు. ఒక ముసలాయన బిందెతో దిగి, నీళ్ళు తాకకుండానే వెనక్కి వచ్చేశాడు.

మధ్యాహ్నానికి జాలీ నిండింది. బాతుమామ దిగాడు. చాలాసేపు పైకి రాలేదు. వచ్చాక గట్టు పట్టుకుని ఊపిరి పీల్చుకుని, దుబాసమ్మ వైపు చూశాడు.

"ఇద్దరు" అన్నాడు.

ఒకడు గేటు మనిషి. నడుముకి డ్యాము వాళ్ళ బెల్టు ఉంది, చాలా కాలం చల్లటి నీళ్ళలో ఉన్నవాడిలాగే ఉన్నాడు. రెండోవాడి చెయ్యి వాడి మణికట్టు చుట్టూ బిగిసి ఉంది. ఆ రెండోవాడు నడివయసు మనిషి. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, తల పక్కపాపిడి తీసుకుని, అరగంట కిందట ఇంట్లోంచి బయల్దేరినవాడిలా ఉన్నాడు. ఒంటిమీద నీటి మచ్చ లేదు. ఆసుపత్రి డాక్టరు ఆ వేళ్ళు విడదీయడానికి చాలా అవస్థపడ్డాడు.

"ఇతను పోయి ఒక రోజు కూడా అయినట్టు లేదు" అన్నాడు డాక్టరు. "మరి నెలల కిందట పోయినవాడి చెయ్యి ఎలా పట్టుకున్నాడు?"

జాలీ దగ్గర తట్టుకున్నాడేమో అన్నారెవరో. అలా తట్టుకుంటే పట్టు అంత బిగుసుకోదని బాతుమామ అనబోయి ఊరుకున్నాడు.

అప్పగింతకి ఇద్దరినీ వంతెన మీదికి మోశారు. ఇస్త్రీ ఆవిడ కొడుకు బెల్టు చూసి, చొక్కా మెడపట్టీ వెనక్కి తిప్పి, తను వేసిన కుట్టు చూసుకుని, తలూపింది. ఏడవలేదు. తర్వాత రెండో స్ట్రెచరు వైపు చూసింది.

"ఇతనెవరు?"

"మావాడు కాదు" అన్నాడు కళ్ళజోడాయన.

"మావాడూ కాదు" అన్నాడు గొడుగాయన.

కిందివాడైతే, పైవాళ్ళ డ్యాము దగ్గర అతనికేం పని? గేట్లు పేల్చడానికి వెళ్ళాడా? పైవాడైతే, నిన్నటిదాకా బతికున్నవాడు ఏట్లో ఎలా పడ్డాడు, ఎవరు తోశారు? ఎవరు మావాడన్నా జవాబు చెప్పుకోవాలి. అందుకని ఇద్దరూ కాదన్నారు. రెండు దేశాల్లోనూ ఎవరూ తప్పిపోలేదని పోలీసులు చెప్పారు. ఫోటో రెండు పత్రికల్లోనూ వేశారు. చూసిన ప్రతివాళ్ళకీ ఎక్కడో చూసినట్టే ఉంది, ఎవరికీ తెలియదు.

గేటు మనిషిని తల్లికి అప్పగించారు. రెండోవాణ్ణి ఊరి ఆసుపత్రిలో శవాల గదిలో పెట్టారు. పైవాళ్ళు గేట్లు పూర్తిగా మూయలేదు. గాలింపు ఇంకా అయిపోలేదు కదా, ఇంకో మనిషి సంగతి తేలాలి కదా అని కారణం చెప్పారు. అతను ఎవరో తేల్చడానికి రెండు దేశాలూ ఒక కమిటీ వేయాల్సి వచ్చింది. కొత్తది వేయడానికి చట్టం ఒప్పుకోక, పాత నీళ్ళ కమిటీనే దుమ్ము దులిపి కూర్చోబెట్టారు. అలా గ్లాసు విసిరిన ఇంజినీర్లు, ఎవరైతేనేం, మళ్ళీ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆసుపత్రి పక్కనే ఉన్న గెస్ట్ హౌసులో. బల్ల చివర దుబాసమ్మ.

మొదటి కొన్ని రోజులూ చొక్కా గుడ్డ ఏ మిల్లుది, పళ్ళు ఎలా ఉన్నాయి, చెప్పుల అచ్చు ఏ దేశానిది అన్న వాదనలతోనే సరిపోయింది. కొండను తవ్వారు గానీ ఎలుక కూడా దొరకలేదు. మాటలు అయిపోయాక టీ తాగుతూ కూర్చునేవారు. పక్కనుంచి శవాల గదిని చల్లబరిచే మోటారు గుయ్యిమని వినిపిస్తుండేది. ఒకరోజు కరెంటు పోయి మోటారు ఆగింది. గదిలో అందరూ చేతుల్లో కప్పులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఆ నిశ్శబ్దంలో పైవాళ్ళ ముసలి ఇంజినీరు, ఎవరివైపూ చూడకుండా అడిగాడు.

"వానలు పడేదాకా మీ ఊళ్ళ కొళాయిలకి ఎన్ని నీళ్ళు కావాలి? ఊరికే అడుగుతున్నాను."

దుబాసమ్మ చెప్పింది. కిందివాళ్ళ ఇంజినీరు కప్పు కింద పెట్టాడు. "ఊరికే అయితే చెబుతాను" అన్నాడు.

అక్కణ్ణుంచి పని నడిచింది. సాఫీగా కాదు. లేచి వెళ్ళిపోయారు, తిరిగి వచ్చారు, తిట్టుకున్నారు. తిట్లు మార్చి చెప్పడం మాత్రం దుబాసమ్మకి తేలిక, చిన్నప్పటి చదువు. వాళ్ళు నీళ్ళ గురించి మాట్లాడుతూనే ఒక చెవి మోటారు మీద పెట్టేవారు. మోటారు ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు ఒక మెట్టు దిగేవారు. ఆ మనిషి ఎక్కువ కాలం ఉండడని, ఉన్నంతలోనే తేల్చుకోవాలని వాళ్ళ తొందర. డాక్టరు ఒక సాయంత్రం వరండాలో దుబాసమ్మను ఆపి, "మీరెవరికీ చెప్పకండి. మోటారు ఆగినా అతనిలో ఏ మార్పూ రావట్లేదు. రోజంతా ఆగినా రాలేదు" అన్నాడు. చెప్పి, చెప్పినందుకు భయపడ్డవాడిలా గబగబా వెళ్ళిపోయాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజులన్నీ ఆమె పెదవుల మీద చేతిరుమాలు ఆనించుకుని కూర్చునేది. జలుబనుకున్నారు. ఎవరైనా మాట ఆపగానే పళ్ళు బిగించేది. లోపలినుంచి ఏదైనా వస్తుందేమోనని కాచుకునేది. రాలేదు. రావట్లేదని తెలిశాక హాయిగా ఉండాలి గదా. లేదు. ఒక్కోసారి, వాదన ముడిపడి ఎటూ తెగనప్పుడు, రుమాలు కొంచెం తీసి చూసేది. అయినా రాలేదు.

వానలు మొదలయ్యాక ఒప్పందం కుదిరింది. ఎంత కరువైనా ఏటిలో ఇంత నీరు వదలాలి, వదిలేముందు సైరను మోగించాలి, ఏ వైపువాళ్ళు కొట్టుకొచ్చినా ప్రశ్నలు వేయకుండా అప్పగించాలి అని రాసుకున్నారు. ఆ మనిషి ఎవరన్నది మాత్రం తేలలేదు. దాని గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

సంతకాల రోజున ఇస్త్రీ ఆవిడ వంతెన మీదికి వచ్చింది. "ఇక మీకు అతనితో పని లేదుగా, నాకిచ్చెయ్యండి" అంది.

ఇవ్వాలంటే ఏమవుతాడో చెప్పాలి. కళ్ళజోడాయన అడిగాడు. ఆవిడ దుబాసమ్మ వైపు తిరిగింది.

"నా కొడుకు చెయ్యి వదలనివాడు. వాడు అక్కడ ఒంటరిగా ఉన్నాడేమోనని ఇన్నాళ్ళూ నాకు నిద్ర లేదు. ఇతనున్నాడు. అలాంటివాణ్ణి మీరేమంటారో మీరే రాసుకోండి."

గొడుగాయన దుబాసమ్మ వైపు చూశాడు. "ఒక్క మాటలో కావాలమ్మా."

ఆమె రుమాలు ఒళ్ళో పెట్టుకుంది. "బంధువు" అంది. ఈసారి ఆ మాట తనదేనని ఆమెకి తెలుసు.

స్ట్రెచరుకి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు చెయ్యివేసి గీత దాటించారు. దాటాక ఇటువాళ్ళు చేతులు తీసేశారు. అటువాళ్ళు నడిచి వెళ్ళిపోయారు.

దుబాసమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు కమిటీలో కూర్చుంది. ఏరు మళ్ళీ ఆగలేదు. కరువొచ్చినప్పుడల్లా రెండు దేశాలూ పోట్లాడుకున్నాయి గానీ, బల్ల దగ్గరే పోట్లాడుకున్నాయి. ఇస్త్రీ ఆవిడకి సరిహద్దు దాటే పాసు దొరికింది. ఏడాదికోసారి వచ్చి టైపింగ్ గదిలో కూర్చునేది. ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు. ఒకసారి వేసవిలో వచ్చి, సంచిలోంచి పచ్చిమిరపకాయలు తీసి బల్లమీద పోసింది. నిగనిగలాడుతున్నాయి.

"ఇద్దరినీ పక్కపక్కనే పూడ్చాను" అంది. "మావాడి మీద మట్టి ఎండి పగుళ్ళిచ్చింది. అతని మీద మట్టి ఇప్పటికీ తడిగానే ఉంది. నేను ఒక్క చెంబు కూడా పొయ్యను. అంత తడి ఊరికే పోనివ్వడమెందుకని మిరపనారు పెట్టాను. ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయంటావు?"

దుబాసమ్మ అలవాటుకొద్దీ, ఆ మాట ఎవరికి చెప్పాలా అని పక్కకి చూసింది. గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు.

"తెలియదక్కా" అంది.